గడువు రాస్తే ఆయుష్షు పెరగదు

మా మామయ్య ముప్పై ఏళ్లు సీ భాషలో ప్రోగ్రాములు రాశారు. మోటారు స్టార్టర్లు, తూకం మిషన్లు, నీటి మీటర్లు, ఇలా చిన్న చిప్పుల్లో నడిచేవన్నీ ఆయన చేతి పని. ఇప్పుడు రిటైరై తెనాలిలో ఉంటున్నారు. నేను బాపట్లలో చదువుకుని, అక్కడి నుంచే రస్ట్ భాషలో పనిచేస్తున్నాను. రేపల్లె దగ్గర ఆయన స్నేహితుడికి పన్నెండు రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఫోనుకు మెసేజ్ పంపే పెట్టెను మామయ్యే చేసిచ్చారు. దాని ప్రోగ్రామును రస్ట్‌లో తిరగరాద్దామని కూర్చుని, లైఫ్‌టైమ్ ఎర్రర్ల దగ్గర, అంటే ఏ రిఫరెన్స్ ఎంతకాలం చెల్లుతుందో తేలని చోట, ఆగిపోయారు. ఒక ఆదివారం నేను బాపట్ల నుంచి తెనాలి వచ్చి, ఆయనతో పాటు రేపల్లె బండి ఎక్కాను. 34 కిలోమీటర్ల బ్రాంచి లైను అది. ఆ దారిలో మా ఇద్దరి మధ్య సాగిన వాదన ఇది.

మామయ్య: నిన్న రాత్రి పదకొండు దాకా కూర్చున్నానమ్మా. స్ట్రక్ట్‌లో చెరువు పేరును రిఫరెన్స్‌గా పెడితే, లైఫ్‌టైమ్ రాయలేదంది. సరే, అది చూపించినట్టే టిక్-ఏ అనే లైఫ్‌టైమ్ గుర్తు చేర్చాను. వెంటనే ఇంకో ఎర్రర్. నేను చదివిన లైను చాలినంత కాలం బతకదట. ఆ లైనును లూపు లోపలి నుంచి బయటికి తెచ్చాను. అప్పుడు మూడోది వచ్చింది. చదవడానికి అరువిచ్చి ఉండగా దాన్ని మార్చడానికి వీల్లేదట. కాలవ గట్టుకు ఒక చోట గండి పూడిస్తే ఇంకో చోట తెగినట్టుంది. ఇదే లాజిక్కు సీలో ఏళ్ల తరబడి నడిచింది. తప్పు నా ప్రోగ్రాములో ఉందా, ఈ భాషలో ఉందా?

నేను: మూడు ఎర్రర్లు వచ్చినా గండి ఒక్కటే మామయ్యా. మీరు దాన్ని పూడ్చలేదు, జరిపారు. పెట్టె ఏం చేస్తుందో ఒకసారి మొదటి నుంచి చెప్పండి.

మామయ్య: ఏముంది! సెన్సర్ నుంచి ఒక లైను వస్తుంది. అందులో చెరువు పేరు, కామా, ఆక్సిజన్ అంకె ఉంటాయి. ఆ లైనును ఒక బఫర్లోకి చదువుతాను. కామా దగ్గర కోసి పేరు ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకుంటాను. అంకె తక్కువగా ఉంటే, ఆ పేరుతో మెసేజ్ పంపమని జాబితాలో వేస్తాను. తర్వాతి లైనును మళ్లీ అదే బఫర్లోకి చదువుతాను. 128 బైట్ల బఫర్ ఒక్కటి చాలు. కాపీలు లేవు, వృథా లేదు.

నేను: జాబితాలో వేసేది పేరునా, పేరు ఉన్న చోటునా?

మామయ్య: చోటునే. పాయింటర్ అంటేనే చోటు కదా.

నేను: మెసేజ్ వెళ్లేలోపు ఆ చోటులోకి ఇంకో చెరువు పేరు వస్తే?

మామయ్య కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. ఊరు దాటి బండి పొలాల్లో పడింది.

మామయ్య: అమ్మాయ్, కిందటి ఎండాకాలం అదే జరిగింది. తెల్లవారుజామున మూడున్నరకు ఐదో చెరువని మెసేజ్ వచ్చింది. మనిషి పరిగెత్తి ఐదో చెరువులో ఏరియేటర్లు వేశాడు. నిజానికి ఆక్సిజన్ పడిపోయింది నాలుగో చెరువులో. తెల్లారేసరికి అందులో రొయ్య పైకి తేలింది. మూడు వారాలు వెతికాను. సెన్సర్ మార్చాను, వైరు మార్చాను. ఆ రాత్రి ఫోన్ సిగ్నల్ లేక మెసేజ్ ఆలస్యమైందనీ, ఈలోగా బఫర్లో తర్వాతి లైను పడిందనీ చివరికి తేలింది. అంతకుముందు రెండేళ్లు సిగ్నల్ బాగుండబట్టి అది బయటపడలేదు.

నేను: నిన్న రాత్రి కంపైలర్ మూడోసారి చూపించింది సరిగ్గా ఆ తప్పునే. దాని నంబరు 502. పేరును చదవడానికి అరువు తీసుకున్న జాబితా ఇంకా వాడుకలో ఉండగా మీరు బఫర్‌ను తుడిచి కొత్త లైను రాయబోతున్నారు. మీరు మూడు వారాలు వెతికినది, చెరువు దాకా పోకుండా, మీ బల్ల మీదే దొరికింది.

మామయ్య: దొరికిందని ఇప్పుడు నువ్వు చెబితే తెలిసింది. అది చెప్పినప్పుడు నాకు తెలియలేదే! మాకూ పరికరాలున్నాయి. వాల్‌గ్రిండ్ ఉంది, అడ్రస్ శానిటైజర్ ఉంది. విడిచేసిన మెమరీని ముట్టుకుంటే అవీ పట్టుకుంటాయి.

నేను: విడిచేస్తే పట్టుకుంటాయి. మీ బఫర్‌ను మీరు విడిచేయలేదు. ఆ చోటు మీదే, అది చెల్లే చోటే, అందులో ఉన్నవి చక్కని అక్షరాలే. కాకపోతే వేరే చెరువు అక్షరాలు. ఆ పరికరాలకు అందులో నేరం కనబడదు. రస్ట్‌కు ఎందుకు కనబడిందంటే, దాని నియమం విడిచేయడం గురించి మాత్రమే కాదు. మడి గట్టు మీద నిలబడి ఎంతమందైనా చూడొచ్చు. దున్నేవాడు దిగాడంటే మాత్రం మడిలో అతనొక్కడే ఉండాలి. చూసేవాళ్లు ఉండగా దున్నకూడదు, దున్నుతుండగా చూసేవాళ్లు ఉండకూడదు. రిఫరెన్స్‌ల నియమం అంతే.

మామయ్య: నియమం బాగుంది. నేను అడిగేది మందు గురించి. నియమం తప్పానన్నప్పుడు అది చూపించిన మందు టిక్-ఏ. వేశాను, తగ్గలేదు. అలాంటప్పుడు ఆ గుర్తు ఎందుకు?

నేను: వేమూరు దగ్గర మీ రెండెకరాలూ కౌలుకిచ్చారు కదా. కాగితం రాసుకున్నారా?

మామయ్య: మొదట్లో నోటిమాటే. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాక కౌలు రైతు కార్డు కోసం సంతకం అడిగాడు. పెడితే పొలం పోతుందేమోనని రెండేళ్లు పెట్టలేదు. తర్వాత కూర్చుని చదివాను. పదకొండు నెలల ఒప్పందం, పంట మీద అతని హక్కు, భూమి మీద నా హక్కు చెక్కుచెదరదు. అప్పుడు పెట్టాను.

నేను: ఆ పొలం మీ చేతిలో ఇంకా ఆరు నెలలే ఉంటుందనుకోండి, ఆపైన అమ్మేస్తున్నారు. కౌలు కాగితం మీద పదకొండు నెలలని రాస్తే మీ హక్కు పదకొండు నెలలకు పెరుగుతుందా?

మామయ్య: ఎలా పెరుగుతుంది? కాగితం మీద ఉన్నదే రాయాలి గానీ లేనిది రాస్తే వస్తుందా?

నేను: టిక్-ఏ కూడా ఆ కాగితమే. అది దేని ఆయుష్షునూ ఒక్క క్షణం పెంచదు. ఈ పేరు ఏదో ఒక లైను మీద ఆధారపడి ఉంది, ఆ లైను పోయాక దీన్ని వాడను అని చెప్పడానికే అది. ప్రోగ్రాము కంపైల్ అయ్యాక ఆ గుర్తు మిగలను కూడా మిగలదు. మొదటి ఎర్రర్, నంబరు 106, ఒప్పందం రాయమని అడిగింది. రాశారు. రాశాక దాన్ని చదివి, మీ దగ్గర అంత గడువు లేదని రెండో ఎర్రర్ చెప్పింది. అది 597. లైను లూపు లోపల పుట్టి ఆ చుట్టు తిరిగేసరికి పోతోంది, జాబితా మాత్రం లూపు బయట బతికే ఉంది. లైఫ్‌టైమ్ ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ చాలామంది చేసే పొరపాటు ఇదే. గుర్తులు చేర్చుకుంటూ పోతారు. చేర్చాల్సింది గుర్తు కాదు, తేల్చాల్సింది సొంతదారు. ఈ అక్షరాలు ఎవరివి, ఎంతకాలం అవసరం అన్నది తేలకుండా ఎన్ని టిక్కులు పెట్టినా లాభం లేదు.

మామయ్య: సరే, తేల్చుదాం. ఎలా తేల్చాలో చెప్పు. ఆ ఎర్రర్ చదివితేనే నాకు చిరాకు. ఒక తప్పుకు మూడు చోట్ల గీతలు గీస్తుంది.

నేను: ఆ మూడు గీతలే అసలు సాయం మామయ్యా. ఇదిగో, లాప్‌టాప్ తెరవండి. 502లో మొదటి గీత, అరువు తీసుకున్న చోటు. అంటే మీరు కామా దగ్గర కోసిన లైను. రెండో గీత, గొడవ మొదలైన చోటు. మీరు బఫర్‌ను తుడుస్తున్న లైను. అందరూ ఈ రెండూ చూసి వీటినే అటూ ఇటూ జరుపుతారు. మూడో గీత చూడండి. తీసుకున్న అరువును తర్వాత ఇక్కడ వాడారని చెబుతోంది. ఎక్కడుంది?

మామయ్య: మెసేజ్‌ల జాబితాలోకి వేసే చోట.

నేను: ఆ అరువును సాగదీస్తున్నది అదే. మూడో గీత లేకపోతే మొదటి రెండింటికీ గొడవే లేదు. అరువు ఎప్పుడు తీసుకున్నామన్న దాని మీద కాదు, చివరిసారి ఎప్పుడు వాడామన్న దాని మీదే దాని గడువు ఉంటుంది. పాత రస్ట్‌లో ఇలా ఉండేది కాదు, బ్రాకెట్ మూసే దాకా అరువు నడుస్తూనే ఉండేది. 2018 డిసెంబరులో వచ్చిన ఎడిషన్‌తో ఆఖరి వాడకం దాకానే లెక్కపెట్టడం మొదలైంది. అందుకే ఎర్రర్ వస్తే కింది నుంచి పైకి చదవాలి. ఆఖరి వాడకం అక్కడ నిజంగా అవసరమా, అవసరమైతే దానికి అసలు వస్తువు కావాలా, కొంత సమాచారం చాలా అని అడగాలి.

మామయ్య: అడిగాను. అవసరమే. మెసేజ్ వెళ్లే దాకా పేరు కావాలి. ఇప్పుడేం చేయమంటావు?

నేను: నాలుగు దారులున్నాయి. ఒకటి, వాడకాన్ని ముందుకు జరపడం. తర్వాతి లైను చదవకముందే ఈ మెసేజ్ పంపేయడం. అరువు చిన్నదైపోతుంది.

మామయ్య: సిగ్నల్ లేకపోతే మిగతా పదకొండు చెరువులూ కాచుకు కూర్చోవాలి. కుదరదు.

నేను: రెండు, సొంతదారు ఆయుష్షును నిజంగానే పెంచడం. రోజంతటి రీడింగులూ ఒక ఫైల్లో ఉన్నాయనుకోండి. దాన్ని ఒకేసారి పెద్ద స్ట్రింగ్‌గా చదివి పైన పట్టుకుని, అందులోంచి ముక్కలకు రిఫరెన్స్‌లు తీసుకోవచ్చు. ఒక్క కాపీ కూడా ఉండదు, ఎర్రరూ ఉండదు. రిఫరెన్స్‌లకు అసలైన చోటు అదే.

మామయ్య: నా లైన్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఎప్పటికీ పట్టుకుని కూర్చుంటే చిప్పులో మెమరీ చాలదు.

నేను: మూడు, పేరును సొంతం చేయడం. రిఫరెన్స్ తీసేసి స్ట్రక్ట్‌లో సొంత స్ట్రింగ్ పెట్టడం. స్ట్రక్ట్ మీద టిక్-ఏ కూడా పోతుంది. నాలుగు, పేరు బదులు చెరువు నంబరు పెట్టడం. పేర్ల పట్టిక వేరే చోట శాశ్వతంగా ఉంటుంది, మెసేజ్ పంపే వేళ నంబరుతో పేరు వెతుక్కోవచ్చు. నంబరుకు లైఫ్‌టైమ్ గొడవ లేదు.

మామయ్య: మూడోది క్లోన్ అన్నమాట. ఎక్కడ ఎర్రర్ వస్తే అక్కడ క్లోన్ కొట్టి నోరు మూయించడం కుర్రాళ్ల పనిలో చూశాను. అంతా కాపీ చేసుకునేట్టయితే మీ వేగం ఏమైంది? పైగా కాపీకి ఇంకో రోగముంది. రేపల్లె 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. మన స్నేహితుడి ఇంటికి గుంటూరు జిల్లా అనే అడ్రసుతోనే ఇంకా ఉత్తరాలు వస్తున్నాయి. ఎందుకు? ఎవరికి వాళ్లు అడ్రసు కాపీ చేసి పెట్టుకున్నారు. అసలు మారినా కాపీ మారదు.

నేను: గట్టి మాట మామయ్యా, ఒప్పుకుంటున్నాను. ఆలోచించకుండా కొట్టిన క్లోన్ ఎర్రర్‌ను సరిదిద్దదు, ప్రశ్నను దాటేస్తుంది. నా అనుభవమే చెబుతాను. ఒక కంపెనీలో పనిచేస్తున్నప్పుడు సెట్టింగుల స్ట్రక్ట్ మీద లైఫ్‌టైమ్ ఎర్రర్ వస్తే, తొందరలో క్లోన్ చేసి వదిలేశాను. కంపైల్ అయింది. సెట్టింగు మార్చినా ఆ భాగం పాతదే వాడుతూ పోయింది. ఎందుకో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. అడ్రసు లాంటి చోట అసలునే చూడాలి. కానీ మీ మెసేజ్ సంగతి వేరు. మూడున్నరకు ఏ చెరువులో ఆక్సిజన్ పడిపోయిందో, తర్వాత ఎన్ని లైన్లు వచ్చినా ఆ మాట మారకూడదు. అసలు మారినా మారకూడనిదాన్ని రాసి పెట్టుకోవడమే ధర్మం. మారితే తెలియాల్సినదాన్ని అరువు తీసుకోవాలి. ఏది ఏదో మనమే చెప్పాలి, కంపైలర్ చెప్పలేదు.

మామయ్య: అలాగైతే అది ఎర్రర్ పక్కనే రాసే సలహా మాట?

నేను: సలహా మంచిదే, కానీ అది అక్షరాలు చూసి ఇస్తుంది, మన ఉద్దేశం చూసి కాదు. ఏది కంపైల్ అవుతుందో దానికి తెలుసు. ఏది కావాలో మనకు తెలియాలి.

వేమూరు వచ్చింది. ఇద్దరు ముగ్గురు దిగారు. మామయ్య తన పొలం ఉన్న వైపు ఒకసారి చూసి, మళ్లీ లాప్‌టాప్ మీదికి వంగారు.

మామయ్య: ఇంకో చోట చూడు. మెసేజ్ పంపే పనిని వేరే థ్రెడ్‌కు ఇచ్చాను. అక్కడ స్టాటిక్ లైఫ్‌టైమ్ కావాలంది. ప్రోగ్రాము ఉన్నంత కాలం బతకాలట. ఒక మెసేజ్ యుగయుగాలు బతకాలా? కోపమొచ్చి అన్నిచోట్లా స్టాటిక్ అని రాసేశాను. ఇంకా ఎక్కువ ఎర్రర్లు వచ్చాయి.

నేను: ఇక్కడ మాటను తప్పుగా చదువుకుంటాం. స్టాటిక్ రెండు చోట్ల రెండు రకాలుగా వినిపిస్తుంది. రిఫరెన్స్ మీద రాస్తే, అది చూపించే వస్తువు ప్రోగ్రాము చివరిదాకా ఉంటుందని అర్థం. ఇప్పుడు భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వి తీసిన రాతి భరిణెల మీద అక్షరాలున్నాయి. రెండు వేల ఏళ్లకు పైబడినా రాయి ఉంది కాబట్టి అవీ ఉన్నాయి. ప్రోగ్రాములో కోట్ గుర్తుల మధ్య మనం రాసే మాటలు అలాంటివి. అవి ప్రోగ్రాము ఒంట్లోనే చెక్కి ఉంటాయి, వాటికి స్టాటిక్ నిజం. సెన్సర్ నుంచి ఇప్పుడే వచ్చిన లైనును భరిణె మీది అక్షరమని చెబితే అబద్ధం, ఎర్రర్ వస్తుంది. ఇక థ్రెడ్ అడిగే స్టాటిక్ వేరు. నీతో తెచ్చుకునే దాంట్లో గడువున్న అరువు ఏదీ ఉండకూడదు అంటుంది, అంతే. శాశ్వతంగా బతకమనదు. సొంత స్ట్రింగ్ ఆ షరతుకు సరిపోతుంది, పని కాగానే అది పోవచ్చు కూడా.

మామయ్య: అంటే ఎరువు తెచ్చుకున్న నగతో ఊరు దాటవద్దంటుంది. ఎరువు సొమ్ము బరువు చేటు.

నేను: అంతే. ఎందుకంటే ఆ థ్రెడ్ ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. పంపినవాళ్లే ముందు పోవచ్చు. కాబట్టి పేరును సొంతంగా ఇచ్చి పంపండి. ఇద్దరికీ కావలసిన పెద్ద వస్తువైతే ఆర్క్‌లో పెట్టి పంచుకోండి. ఎంతమంది పట్టుకున్నారో అది లెక్క ఉంచుకుంటుంది, ఆఖరివాడు వదిలాకే పోతుంది. థ్రెడ్ మన కళ్లముందే ముగుస్తుందని హామీ ఉంటే, 2022 ఆగస్టులో వచ్చిన స్కోప్డ్ థ్రెడ్‌లలో అరువుగానే ఇవ్వొచ్చు.

మామయ్య: ఇంకొకటి, ఇదైతే నాకు అసలు అంతుబట్టలేదు. పెట్టె అనే స్ట్రక్ట్ చేసి, తర్వాతి రీడింగు ఇచ్చే ఫంక్షన్ రాశాను. మొదటిసారి పిలిస్తే పలికింది. రెండోసారి పిలిస్తే, ఇప్పటికే మార్చడానికి అరువిచ్చారంది. మొదటి పిలుపు ఎప్పుడో ముగిసింది కదా!

నేను: ఫంక్షన్‌లో సెల్ఫ్ పక్కన ఏం రాశారు? ఇదిగో, ఇక్కడా టిక్-ఏ పెట్టారు, స్ట్రక్ట్ మీద ఉన్నదే. స్ట్రక్ట్ మీది టిక్-ఏ అంటే ఈ పెట్టె లోపల పట్టుకున్న అరువు గడువు. పెట్టె ఉన్నంత కాలమూ ఆ గడువు తీరకూడదు. అదే గుర్తును సెల్ఫ్‌కు పెడితే ఏమైంది? మొదటి పిలుపులోనే ఈ పెట్టెను తన బతుకంతా మార్చే హక్కుతో అరువిచ్చేశారు. తన పొలాన్ని తానే జీవితకాలం మక్తాకిచ్చి, మర్నాడు గట్టు మీదికి కూడా రాలేకపోయినట్టు. సెల్ఫ్ పక్కన ఆ గుర్తు తీసేయండి. ఎర్రర్ పోతుంది.

మామయ్య: పోయింది. తీస్తే పోయింది! చేరిస్తే వస్తుందనుకున్నాను.

నేను: అందుకే ముందు రాయకుండా చూడమంటాను. ఫంక్షన్‌కు ఒకే రిఫరెన్స్ వస్తే, బయటికి వెళ్లేది దానిదేనని కంపైలర్ తనే అనుకుంటుంది. సెల్ఫ్ రిఫరెన్స్ ఉంటే సెల్ఫ్‌దే అనుకుంటుంది. రెండు పేర్లు తీసుకుని వాటిలో పొడవైనదాన్ని ఇచ్చే ఫంక్షన్ లాంటి చోటే అది ఆగి, వచ్చేది ఎవరిది అని అడుగుతుంది. అక్కడ రాయాలి. ఇక ఫంక్షన్ లోపలే పుట్టించిన స్ట్రింగ్‌కు రిఫరెన్స్ బయటికి ఇవ్వబోతే, 515 అని వస్తుంది, దానికి ఏ టిక్కూ మందు కాదు. స్ట్రింగ్‌నే ఇచ్చేయాలి. కూల్చబోయే ఇంటికి తాళంచెవి ఇచ్చి ఏం లాభం?

మామయ్య: ఇంతసేపూ నువ్వు చెప్పావు, ఇక నా మాట విను. కౌలు కాగితం గురించి అడిగావు కదా. ఆ చట్టంలో కార్డు రావాలంటే ఆసామి సంతకం కావాలి. నాలాగా భయపడ్డ ఆసాములు సంతకం పెట్టలేదు. దాంతో ఏమైంది? కాగితం కౌలురైతు మేలు కోసమే వచ్చినా, ఎంతోమందికి అది అందనే లేదు, నోటిమాట కౌలుతోనే మిగిలిపోయారు. నియమం కఠినంగా ఉంటే మనుషులు దాని లోపలికి రారు, పక్క నుంచి పోతారు. మీ రస్ట్‌లోనూ అంతే. నిజానికి సరైన ప్రోగ్రామును కూడా అది తోసేస్తుంది. మ్యాప్‌లో పేరు ఉంటే దాని రిఫరెన్స్ ఇచ్చెయ్యి, లేకపోతే చేర్చి ఇవ్వు అని రాశాను. అందులో తప్పేముంది? ఒప్పుకోలేదు. తల్లి నోడ్‌కు బిడ్డ, బిడ్డకు తల్లి తెలిసే చెట్టు రాయాలంటే చుక్కలు కనబడ్డాయి. చివరికి కుర్రాళ్లు అన్‌సేఫ్ అని రాసి తమ దారిన పోతారు. అప్పుడు సీ కంటే మేలేముంది?

నేను: మ్యాప్ విషయంలో మీరన్నది నిజం. అది సరైన ప్రోగ్రామే, కంపైలర్‌లో అరువులను సరిచూసే ఇప్పటి చెకర్ దాన్ని గుర్తించలేదు. పొలోనియస్ అనే పేరుతో కొత్త చెకర్ మీద పని జరుగుతున్నది అలాంటివాటిని ఒప్పుకోవడానికే. ఈలోగా ఎంట్రీ అనే పద్ధతితో రాయాలి. చెట్టు సంగతీ నిజమే. తల్లిని బలహీనమైన రిఫరెన్స్‌తో పట్టుకోవాలి, లేదా నోడ్‌లన్నిటినీ ఒక వెక్టర్లో పెట్టి నంబర్లతో చెప్పుకోవాలి. శ్రమే. కానీ అన్‌సేఫ్ అని రాసినంత మాత్రాన రిఫరెన్స్‌ల నియమం రద్దు కాదు. కొన్ని పనులకు అనుమతి దొరుకుతుంది, బాధ్యత మన మీద పడుతుంది, అంతే. అది రాసిన చోటు ఫైల్లో కనబడుతుంది, వెతికితే దొరుకుతుంది. నోటిమాట కౌలులో ఏది ఎక్కడ తప్పిందో వెతకడానికి కాగితమే లేదు.

మామయ్య: మనిషి జాగ్రత్తగా రాస్తే సీలోనూ తప్పు రాదమ్మా. సీ పుట్టి యాభై ఏళ్లు దాటింది. 1972 నుంచి లోకం దాని మీదే నడిచింది.

నేను: మీకంటే జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు మామయ్యా. మీ ప్రోగ్రాములోనే నాలుగో చెరువు ఐదోదైంది. అది మీ అజాగ్రత్త కాదు. ఈ పేరు ఎంతసేపు చెల్లుతుందన్నది మీ మనసులో ఉంది, ప్రోగ్రాములో ఎక్కడా లేదు. రెండేళ్లకు మీరూ మరిచిపోయారు. పెద్ద సంస్థల్లోనూ అంతే. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో 70 శాతం దాకా మెమరీ తప్పులేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. ఆండ్రాయిడ్‌లో అదే ఏడాది అలాంటివి 76 శాతం. పాత కోడు జోలికి ఎక్కువగా పోకుండా, కొత్త కోడును రస్ట్ లాంటి భాషల్లో రాస్తూ వచ్చారు. 2024కు 24 శాతానికి తగ్గాయి. లినక్స్ కెర్నెల్‌లోకీ 2022 డిసెంబరులో 6.1తో రస్ట్ అడుగుపెట్టింది.

మామయ్య: ఆ భాష చేసినాయన కూడా మనలాగే దెబ్బ తిన్నవాడేనా?

నేను: గ్రేడన్ హోర్. 2006లో వాంకూవర్లో ఆయన ఉండే భవనంలో లిఫ్ట్ ప్రోగ్రాము చెడిపోయి, 21వ అంతస్తుకు మెట్లెక్కి వెళ్లారు. లిఫ్ట్ కూడా సరిగ్గా నడపలేకపోతున్నామే అన్న బాధతో మొదలుపెట్టిన భాష ఇది. 2015 మే 15న 1.0 వచ్చింది.

మామయ్య: మన దగ్గర ఆ మెట్లు ఎక్కింది చెరువు కాపలావాడు. సరే, ఒక్క సంగతి ఒప్పుకుంటాను. మాకు చదువు చెప్పినప్పుడు పాయింటర్ ఎలా వాడాలో చెప్పారు గానీ, అది ఎంతకాలం చెల్లుతుందో అడగడం ఎవరూ నేర్పలేదు. దెబ్బలు తిని నేర్చుకున్నాను. ఆ ప్రశ్నను రోజూ అడిగేవాడు పక్కన ఉంటే నయమే. కానీ మీరు పిల్లలకు చెప్పేటప్పుడు టిక్-ఏ ఎలా రాయాలో ముందు చెప్పకండి. ఎవరిది, ఎంతకాలం అని ముందు అడగడం నేర్పండి. ఆ అలవాటుంటే సీ రాసినా చెరువు మారదు.

నేను: ఆ మాటకు నేను ఎదురు చెప్పను. లైఫ్‌టైమ్‌లు రస్ట్ కనిపెట్టినవి కావు. ప్రతి ప్రోగ్రాములోనూ ఉన్నాయి. రస్ట్ వాటిని కాగితం మీదికి తెచ్చింది.

భట్టిప్రోలు దాటింది. మామయ్య కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కంపైల్ చేశారు. ఒక్క ఎర్రర్ మిగిలింది. నేను నోరు విప్పకముందే ఆయన కింది గీత నుంచి పైకి చదవడం మొదలుపెట్టారు.

మామయ్య: ఆఖరి వాడకం, మెసేజ్ పంపే చోట. అరువు తీసుకున్నది, లైను కోసిన చోట. ఈ పేరు ఎవరిది? లైనుది. ఎంతకాలం కావాలి? మెసేజ్ వెళ్లే దాకా. లైను అంతకాలం ఉంటుందా? ఉండదు. ఉండాల్సిన పనీ లేదు. అంటే ఇది మెసేజ్‌కు సొంతం కావాలి.

నేను: నంబరు పెట్టి పట్టికలో వెతుక్కునే దారి ఉంది కదా మామయ్యా. ఒక్క అక్షరం కూడా కాపీ కాదు. నేనైతే అదే చేసేదాన్ని.

మామయ్య: చేయొచ్చు. కానీ రేపు ఆయన చెరువులు కలిపి నంబర్లు మారిస్తే, పాత మెసేజ్ నంబరు కొత్త చెరువును చూపిస్తుంది. మీ కంపైలర్ అది పట్టుకుంటుందా?

నేను: పట్టుకోదు. నంబరు కూడా ఒక అరువే, కాకపోతే కంపైలర్ కంటపడని అరువు. కాపీ లేకుండా చేయాలన్న పట్టుదలలో నేనే దాన్ని చూడలేదు.

మామయ్య: లెక్క చూడు. పన్నెండు చెరువులు. ఆక్సిజన్ తగ్గినప్పుడే మెసేజ్. పేరు పది పదిహేను అక్షరాలు. రాత్రికి ఒకటో రెండో కాపీలు. దీనికోసం 128 బైట్లు కాపాడాలని చూసి కిందటేడు చెరువు పోగొట్టాను. ఇక్కడ సొంత స్ట్రింగే సరైంది. మిగతా చోట్ల, అంకె చూసి వదిలేసేవి, రిఫరెన్స్‌లుగానే ఉండనీ. వాటికి లైను ఉన్నంతసేపు చాలు.

ఆయన ఒక చోట మాత్రం రిఫరెన్స్ తీసి స్ట్రింగ్ రాశారు. స్ట్రక్ట్ మీది టిక్-ఏ కూడా చెరిపేశారు. ఈసారి ఎర్రర్ లేదు. క్లోన్ అంటే విరుచుకుపడ్డ మనిషి కాపీ చేశారు, ఏది ఎందుకు కాపీ చేస్తున్నారో చెప్పి మరీ చేశారు. రిఫరెన్స్‌లంటే ప్రాణం పెట్టే నేను ఒకటి వదులుకున్నాను.

రేపల్లెలో దిగాక నేరుగా చెరువుల దగ్గరికి వెళ్లాం. పాత పెట్టె పక్కనే కొత్తది బిగించి, వైరు కలిపారు. నాలుగో చెరువు ఆక్సిజన్ అంకె తక్కువగా వచ్చేట్టు చేసి, పెట్టెకు సిగ్నల్ ఆపేసి, మిగతా చెరువుల లైన్లు పది నిమిషాల పాటు రానిచ్చారు. తర్వాత సిగ్నల్ వేశారు. కాపలా మనిషి ఫోన్ మోగింది. అతను మెసేజ్ పైకే చదివాడు: నాలుగో చెరువు.